చనిపోయిన నేతలపై విమర్శ: వ్యాసం చెప్పింది సగమే
చనిపోయిన మహానేతల మీద ఏమన్నా పరువు నష్టం కిందికి రాదని ఒక వ్యాసకర్త రాశారు. ఆ మాట సగమే నిజం. ఇప్పటి నేరశిక్షా చట్టమైన భారతీయ న్యాయ సంహితలో పరువు నష్టం గురించిన 356వ సెక్షన్, అంటే పాత ఐపీసీ 499, మొదటి వివరణ చూడండి: మనిషి బతికుంటే పరువు పోయే ఆరోపణను కుటుంబీకుల మనసు నొప్పించే ఉద్దేశంతో చేస్తే అదీ నేరమే. అలాగని నోరు కట్టేసుకోనక్కర్లేదు. ప్రభుత్వోద్యోగి విధి నిర్వహణ మీద, ప్రజా సమస్యలో ఎవరి నడవడి మీదైనా సదుద్దేశంతో చెప్పే అభిప్రాయానికి అదే సెక్షన్‌లోని 2, 3 మినహాయింపులు రక్షణ. చిక్కంతా అభిప్రాయాన్నీ ఆరోపణనూ కలిపేయడంలోనే. "ఆ భూసేకరణ రైతును ముంచింది" అని జీవో నంబరు, తేదీతో సహా రాయండి. "కమీషన్ తిన్నాడు" అన్నారా, రుజువు భారం మీదే. పైగా నిజమైతే చాలదు, చెప్పడంలో ప్రజాహితం ఉందనీ చూపాలి. నా దృష్టిలో ఇది అన్యాయమే, కానీ పాత సెక్షన్‌ను 2016లో సుప్రీంకోర్టే సమర్థించింది.