లెక్క తెలియని ఇంటితోనే బేరం

రోడ్డు మీద మనిషి పోతే మార్చురీ బయటికి కొన్నిసార్లు చుట్టాల కంటే ముందే వచ్చేది ఇన్సూరెన్స్ క్లెయిమ్ మాట్లాడిపెట్టే మనిషి. కర్నూలు, డోన్, ఆదోని ఎక్కడైనా ఇదే తంతు. ఎఫ్ఐఆర్ కాపీ నేనే తెస్తా, పోస్ట్‌మార్టం రిపోర్టు నేనే తెస్తా, లాయర్‌నీ నేనే పెడతా, మీరిక్కడ సంతకం పెట్టండి చాలు, వచ్చినదాంట్లో నాకింత అంటాడు. వీళ్లను తరిమేయాలని అనేవాళ్లున్నారు. నేనైతే ఉండనివ్వండి అంటా, కాకపోతే అతని దగ్గరున్న నష్టపరిహారం లెక్క గోడ మీద అంటించాలి.

ఎందుకంటే అతని వ్యాపారమంతా ఆ లెక్కే. 32 ఏళ్ల హమాలీ, నెలకు 10 వేలు సంపాదన, ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అనుకోండి. సుప్రీంకోర్టు 2017 ప్రణయ్ సేఠీ తీర్పు ప్రకారం 40 ఏళ్ల లోపు వాడు కాబట్టి ముందుముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలిపితే 14 వేలు. నలుగురు అతని మీద ఆధారపడ్డారు కాబట్టి సొంత ఖర్చుకని పావు వంతు తీసేస్తే 10,500, ఏడాదికి 1,26,000. 2009 సరళా వర్మ తీర్పు పట్టికలో ఆ వయసుకి ఉన్న 16తో గుణిస్తే 20,16,000. అంత్యక్రియల ఖర్చు వగైరా పైన. బడిపిల్లాడు చేసేసే లెక్క ఇది! తెలియదు కాబట్టే '8 లక్షలకు ఒప్పించా' అనగానే ఆ ఇల్లు అతనికి దండం పెడుతుంది. లోక్ అదాలత్‌లో రాజీ పడ్డాక అప్పీలూ ఉండదు.

నిజమే, అతను లేకపోతే ఆ ఆడమనిషి స్టేషన్ చుట్టూ, కోర్టు చుట్టూ ఒక్కతే తిరగాలి, వాయిదాలకి చార్జీలు కూడా ఉండవు. ఆ తిరుగుడికి కూలి తీసుకోనీ, తప్పులేదు. వాటా మాత్రం వద్దు. గెలిస్తే ఇంత అని ఫీజు మాట్లాడుకోవడం లాయర్లకే బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు, ఇతనికెవరిచ్చారు?

ఇంతకీ అసలు గొడవ ఆ 10 వేల దగ్గరే ఉంది. దానికి కాగితమేది? ఆదోని, కోసిగి వైపు నుంచి ఏటా సుగ్గికని, అంటే కూలి కోసం వలసగా, గుంటూరు మిరప చేలకి వెళ్లే ఆడవాళ్లను చూడండి. బొలెరో వెనక నిలబడి పోతారు, బండి బోల్తాపడితే 'గూడ్స్ బండిలో మనుషులు ఎక్కారు, మాకు సంబంధం లేదు' అంటుంది ఇన్సూరెన్స్ కంపెనీ. ఆ ఒక్క మాట చూపించి బేరగాడు రేటు ఇంకా దించేస్తాడు. ముందు కంపెనీనే కట్టి, తర్వాత ఓనర్ దగ్గర రాబట్టుకోమని కోర్టులు చాలా కేసుల్లో చెప్పాయన్న సంగతి మాత్రం ఎత్తడు. ఇంటిపనికి కూడా ఆదాయం లెక్కగట్టాలని 2021లో కీర్తి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, మరి పగలంతా మిరపకాయలు కోసి రాత్రి వంట చేసే మనిషి విలువ ఎంత? ఆమె పనిచేసిందనడానికి రుజువల్లా కూలీలను పనికి తీసుకెళ్లే మేస్త్రీ జేబులోని చిన్న నోటుబుక్కు, అందులో ఆమె పేరు పక్కన రోజుకో గీత. గీతే, అంకె లేదు.

ఆ గీత పక్కన కూలి ఎంతో రాయించి, నెలకోసారి గ్రామ సచివాలయంలో ముద్ర వేయించండి. 8 లక్షల బేరం అప్పుడెలా కుదురుతుందో చూద్దాం.