ఇంపోర్టుల పటం గీసే సాధనం గారికి బహిరంగ విన్నపం

మాడ్యూళ్ల (ప్రోగ్రాములోని కోడు ఫైళ్ల) మధ్య ఇంపోర్టులను, అంటే ఒకదాని కోడును మరొకటి తెచ్చి వాడుకోవడాన్ని, పటంగా గీసిపెట్టే సాధనం గారికి,

నమస్కారాలు. తమ వంశంలో పైథాన్ వైపు పైడెప్స్ గారు, జావాస్క్రిప్ట్ వైపు మ్యాడ్జ్ గారు, డిపెండెన్సీ క్రూయిజర్ గారు ఉన్నారు. అందరి వృత్తీ ఒకటే కనుక ఈ లేఖను ఉమ్మడిగా స్వీకరించగలరు.

ప్రాజెక్టు మొదలైన రోజుల్లో మేము గీసుకున్న బొమ్మలో మూడు పెట్టెలు, రెండు బాణాలు మాత్రమే ఉండేవి. పైన తెర, నడుమ వ్యాపార నియమాలు, అడుగున డేటాబేసు. బాణాలన్నీ పైనుంచి కిందికే. ఆ బొమ్మ డిజైన్ పత్రం మొదటి పేజీలో నేటికీ చెక్కుచెదరకుండా ఉంది, కొత్తగా చేరినవారికి దాన్నే చూపిస్తున్నాం. తమరు ఆ పత్రం వైపు కన్నెత్తి అయినా చూడకుండా నేరుగా కోడు చదివి, ఎంత పెద్ద తెర మీద తెరిచినా అక్షరం కనబడనంత వెడల్పైన మరో బొమ్మను మా ముందు పెట్టారు. పెద్దలు ఆమోదించిన పత్రం ఒకటి ఉండగా కోడును సాక్ష్యానికి పిలవడం ఏ మర్యాదో తమరే సెలవివ్వాలి.

చిక్కుముడి నేరమంతా తమదే అనడం లేదు. తమలో చాలామంది గీత పనిని గ్రాఫ్‌విజ్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లోని డాట్‌కు అప్పగిస్తారని, గీతలు ఒకదాన్నొకటి దాటడాన్ని వీలైనంత తగ్గించడం ఎన్‌పీ-కంప్లీట్ సమస్య (వేగంగా తేల్చే పద్ధతి ఇంతవరకూ ఎవరికీ దొరకని రకం) అని కంప్యూటర్ శాస్త్రవేత్తలు గారీ, జాన్సన్ 1983లోనే నిరూపించారని మాకు తెలుసు. అయితే డాట్ గారికి ఒక దురలవాటు ఉంది. ఆయన మాడ్యూళ్లను అంతస్తులుగా పేరుస్తారు. వలయం (తిరిగి తిరిగి మొదటి మాడ్యూలుకే చేరే బాణాల వరుస) అడ్డొస్తే లోలోపల ఒక బాణాన్ని తిప్పి లెక్క సరిచేసుకుని, గీసేటప్పుడు మాత్రం దాన్ని అసలు దిశలోనే గీస్తారు. దాంతో కిందికి దిగే వందల గీతల మధ్య ఆ ఒక్క బాణం ఎదురెక్కుతూ, గది చివర కూర్చున్న మేనేజరు గారికి సైతం కనిపిస్తుంది.

యుటిల్స్ అనే మా చిల్లర పనుల ఫైలు సంగతి మరీ అన్యాయం. తేదీని అచ్చు రూపంలోకి మార్చే ఒక్క ఫంక్షన్‌తో పుట్టిన ఆ ఫైలులోకి ఎక్కడా చోటు దొరకనివన్నీ వచ్చి చేరాయి. ఇప్పుడు పన్ను శాతం కోసం అది బిల్లింగ్‌ను ఇంపోర్టు చేసుకుంటోంది. తేదీ మాత్రమే కావలసిన లాగిన్ మాడ్యూలు బిల్లింగ్ మీద ఆధారపడి ఉన్నట్టు తమరు చూపిస్తున్నారు. అది నిజమే కావచ్చు గాని, అలా నలుగురిలో చూపించాలా?

ఇక వలయాల విషయం. ఆర్డర్లు కస్టమర్లను, కస్టమర్లు ఇన్‌వాయిస్‌లను, ఇన్‌వాయిస్‌లు తిరిగి ఆర్డర్లను ఇంపోర్టు చేసుకోవడాన్ని మేము పరస్పర సహకారం అంటాం. పైథాన్ అయితే 3.8 వెర్షన్ నుంచి, సగమే సిద్ధమైన మాడ్యూలు నుంచి పేరు దిగుమతి కావడం లేదు, బహుశా వలయాకారపు ఇంపోర్టు వల్ల కావచ్చు అని వినయంగా మనవి చేసుకుంటుంది. ఆ బహుశాలోని సంస్కారం తమరికి లేదు. (గో భాష అయితే వలయం కనబడితే కంపైల్ చేయడానికే ఒప్పుకోదు, దానితో మాకు మాటల్లేవు.) మేము ఆ ఇంపోర్టును ఫైలు తలకట్టు నుంచి తీసి ఫంక్షన్ లోపల పెట్టాం. పైథాన్ శాంతించింది, టెస్టులు పాసయ్యాయి. పైడెప్స్ గారు మాత్రం బైట్‌కోడులో (పైథాన్ మా కోడును మార్చుకునే లోపలి రూపంలో) దూరి ఇంపోర్టు ఆదేశాన్ని వెతికి పట్టుకుని, పాత బాణాన్నే మళ్లీ గీశారు. చివరికి మాడ్యూలు పేరును స్ట్రింగ్‌గా కూర్చి ప్రోగ్రాము నడిచేటప్పుడు ఇంపోర్టు చేసిపెట్టే ఇంపోర్ట్‌లిబ్‌కు అందించాం. అప్పుడు మాత్రం అది తమ చూపుకు ఆనలేదు. వలయం ఉన్నచోటే ఉంది, బాణం పోయింది. ఆర్కిటెక్చర్ మెరుగుపడిందని ఆ త్రైమాసిక నివేదికలో రాసుకున్నాం.

ఇంత గడసరి అయిన తమరు, టైప్ చెకింగ్ షరతు కింద కేవలం టైపుల (విలువల రకాల) తనిఖీ కోసం రాసిన ఇంపోర్టును, అంటే ప్రోగ్రాము నడిచేటప్పుడు అసలు జరగనే జరగని దాన్ని, నేరస్థుల వరుసలో నిలబెట్టారు. దోషిని వదిలి నిర్దోషిని పట్టిన ఆ ఒక్క బాణాన్ని చూపించి, ఈ పటాన్ని నమ్మలేమని మిగతా వందల బాణాలనూ ఒకే సమావేశంలో కొట్టిపారేయగలిగాం. అందుకు కృతజ్ఞతలు.

తమ దాయాది ఇంపోర్ట్-లింటర్ గారిని కూడా ఈ మధ్యనే పనిలో పెట్టుకున్నాం. కింది పొర పై పొరను ఇంపోర్టు చేసుకోరాదని ఆయన దగ్గర ఒప్పందం రాయించాం. ఒప్పందం నాలుగు పంక్తులు. దాని కిందే మినహాయించాల్సిన ఇంపోర్టుల జాబితా ఉంది. దాన్ని చదవాలంటే స్క్రోల్ చేస్తూనే ఉండాలి. బిల్డులో పచ్చ గుర్తు వస్తోంది, ఆయన మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. తమరు ఆయన దగ్గర కొంత లోకజ్ఞానం నేర్చుకోవలసిందిగా మనవి.

వచ్చే సమీక్షలో చూపడానికి ఒక పటం కావాలి. పైడెప్స్ గారి మాక్స్-బేకన్ అనే ఆప్షన్ విలువ ఒకటి పెట్టి, ఒక అడుగుకు మించిన దూరపు చుట్టాలను వదిలేయగలరు. యుటిల్స్‌ను పూర్తిగా మినహాయించండి. వలయాలను చూపించే ఆప్షన్ జోలికి పోవద్దు. మూడు పెట్టెలు, రెండు బాణాలు వస్తే చాలు. అలా రాకపోతే డిజైన్ పత్రంలోని బొమ్మనే తమ పేరు మీద వాడుకుంటాం.

ఇట్లు,
యుటిల్స్‌ను ఇంపోర్టు చేసుకునే సమస్త మాడ్యూళ్ల తరఫున,
తమ విధేయుడు