బొమ్మ పడుతోంది కదా, ఇంకేం కావాలి?

మన ఉత్తర తెలంగాణలో థియేటర్ ఓనర్లను తిట్టడం ఈ మధ్య ఫ్యాషనైపోయింది. హన్మకొండ చౌరస్తాలో చాయ్ తాగే కుర్రాళ్లదీ అదే మాట, కరీంనగర్ బస్సులో పక్క సీటాయనదీ అదే మాట. తెర మసకగా ఉందట. రంగులు వెలిసిపోయాయట. క్లైమాక్స్‌లో బొమ్మ ఆగిపోయి ఇంగ్లిషు అక్షరాలేవో వచ్చాయట. హైదరాబాద్ పోయి ఒక్కసారి మల్టీప్లెక్స్‌లో సినిమా చూసొచ్చినవాళ్లకు పట్టుకునే రోగాలివి. డిజిటల్ ప్రొజెక్టర్‌ను చూసుకోవడంలో మన హాళ్లు పాటిస్తున్న పద్ధతి వెనక చాలా లోతైన ఆలోచన ఉంది. దాన్ని జనానికి వివరించే బాధ్యత ఎవరో ఒకరు తీసుకోవాలి.

ముందు వెలుతురు సంగతి. తెర నడిమధ్యన 14 ఫుట్‌ల్యాంబర్ట్‌ల వెలుతురు పడాలని ప్రపంచమంతా ఒప్పుకున్న ప్రమాణం ఉంది. ఇప్పటి కొలతలో చెప్పాలంటే చదరపు మీటరుకు 48 క్యాండెలాలు. దీన్ని కొలవడానికి ఒక మీటరు దొరుకుతుంది. కొంటే కొలవాలి, కొలిస్తే ఎంత తక్కువుందో తెలుస్తుంది, తెలిశాక నిద్ర పట్టదు. కాబట్టి కొనరు. ప్రొజెక్టర్‌లో వెలిగే జినాన్ ల్యాంపుకు పంపే కరెంటు కాస్త తగ్గిస్తే బిల్లూ తగ్గుతుంది, ల్యాంపూ కొన్నాళ్లు ఎక్కువ వస్తుంది. మరీ తగ్గిస్తే బొమ్మ మినుకుమినుకుమంటుంది, అది వేరే విషయం. రాత్రి ఫైట్లలో కొట్టేదెవరో, తినేదెవరో తెలియదని కొందరి ఫిర్యాదు. కేకను బట్టి పోల్చుకోవచ్చు కదా.

త్రీడీ సినిమా వచ్చినప్పుడు లెన్సు ముందు బిగించిన ఫిల్టరు, ఆ సినిమా వెళ్లిపోయి నెలలైనా అక్కడే ఉంటుంది. మామూలు సినిమాకు అది అడ్డం, సగం దాకా వెలుతురును మింగేస్తుంది. తీసి పక్కన పెడితే దుమ్ము పడుతుందని, పోతుందని భయం. కేబిన్ కిటికీ అద్దం మీద పేరుకున్న మసిని కూడా తప్పుపడతారు. రోజూ పొద్దున్నే మెషీన్ ముందు అగరుబత్తీలు వెలిగిస్తే ఆ పొగ ఎక్కడికి పోతుంది? ఆ అద్దం మెత్తటి గుడ్డతో తుడవడానికి ఐదు నిమిషాలు పడుతుంది. కానీ ఐదు నిమిషాల్లో రెండు యాడ్లు వేయొచ్చు.

ఇక ల్యాంపు. ఎక్కువ వాట్లదైతే ఐదారు వందల గంటలకు, చిన్నదైతే రెండు మూడు వేల గంటలకు కంపెనీ వారంటీ అయిపోతుంది. మెషీనే గంటలు లెక్కపెట్టి, ఇక మార్చండి బాబూ అని తెర మీద హెచ్చరిక చూపిస్తుంది. మన ఆపరేటర్లు ఆ హెచ్చరికకు ఓకే నొక్కి పంపేయడంలో సిద్ధహస్తులు. పాతబడ్డ కొద్దీ ల్యాంపు మసకబారుతుంది, పగిలే ప్రమాదం పెరుగుతుంది. పగిలితే ఊరికే పగలదు, దాన్ని చుట్టుకుని ఉన్న రిఫ్లెక్టరు అనే అద్దాన్ని కూడా వెంట తీసుకుపోతుంది. ఒక ల్యాంపు ఖర్చు ఒక నెల వాయిదా వేసి, తర్వాతి నెల ల్యాంపూ రిఫ్లెక్టరూ రెండూ కొనే ఈ పొదుపు పద్ధతిని కామర్స్ కాలేజీల్లో ఎందుకు చెప్పడం లేదో నాకర్థం కాదు.

జినాన్ ల్యాంపు గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. అది క్వార్ట్జ్ గాజు గోళం. లోపల జినాన్ వాయువు ఒత్తి నింపి ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడే దాని ఒత్తిడి బయటి గాలికి ఎన్నో రెట్లు, వెలిగి వేడెక్కితే ఇంకా రెట్టింపు దాటుతుంది. అందుకే ఆర్పి, బాగా చల్లారనిచ్చి, మొహమంతా కప్పే షీల్డు, మెడ దాకా మందపాటి జాకెట్టు, తోలు గ్లవుజులు వేసుకుని గానీ ల్యాంప్‌హౌస్ తలుపు తీయొద్దంటారు. గాజును ఉత్త చేత్తో తాకొద్దు. వేలికున్న చెమట, జిడ్డు అంటుకున్న చోట గాజు ఎక్కువ వేడెక్కి బలహీనపడుతుంది. తీసిన పాత ల్యాంపులోనూ ఒత్తిడి అలాగే ఉంటుంది కాబట్టి దాని కవర్లోనే పెట్టి పంపించాలి.

మన దగ్గర సేఫ్టీ కిట్ అంటే ఒక తువ్వాల. దాన్ని తలకు చుట్టుకుని, మేడారం వైపు తిరిగి సమ్మక్క సారక్కలకు ఒక దండం పెట్టుకుని ల్యాంపు విప్పుతారు. ఇంతవరకు తల్లులే కాపాడారు. ఓనర్ సారు ఆఫీసు గదిలో వందరోజుల షీల్డులు మూడు వరసలున్నాయి, మొహానికి పెట్టుకునేది మాత్రం లేదు. ఆ షీల్డుల పక్కనే పాత ల్యాంపు ఒకటి అలంకారంగా నిలబెట్టి ఉంటుంది. వచ్చినవాళ్ల పిల్లలు దాన్ని వేలితో టకటక కొడుతుంటే సారు మురిపెంగా చూస్తారు.

మెషీన్ మీద వీళ్లకు శ్రద్ధ లేదనడం మాత్రం అన్యాయం. దసరాకు ఆయుధపూజ ఏ హాల్లోనూ తప్పదు. ప్రొజెక్టర్‌కు పసుపు, కుంకుమ, బంతిపూల దండ, నాలుగు మూలలా నిమ్మకాయలు. దండ సరిగ్గా గాలి లోపలికి పోయే జాలీ మీదే పడుతుంది. కొబ్బరినీళ్లు పైన చల్లుతారు. ఆ పూజ ఖర్చులో కొత్త ఎయిర్ ఫిల్టర్లు వస్తాయని ఎవరో అమాయకుడు అన్నాడట. పూజకు వెల కడతావా అని అతన్ని బయటికి పంపారు.

ఫిల్టర్ల మాట వచ్చింది కాబట్టి మన గాలి గురించి కూడా చెప్పుకోవాలి. వరంగల్ అంటే పత్తి, మిర్చి. సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ వైపు వెళ్తే గాలే దగ్గు తెప్పిస్తుంది. కరీంనగర్ వైపు గ్రానైట్ దుమ్ము. మేలో ఎండ 44 దాటుతుంది. ప్రొజెక్టర్ పుస్తకాల్లోనేమో గది వేడి 35 డిగ్రీలు మించొద్దని రాసి ఉంటుంది. మెషీన్ లోపల బొమ్మను తయారుచేసే ఒక్కో చిప్ మీద 22 లక్షలకు పైగా బుల్లి అద్దాలు సెకనుకు వేలసార్లు కదులుతూ ఉంటాయి, అలాంటి చిప్పులు మూడు. వాటిని చల్లబరచడానికి కూలెంట్ అనే ద్రవం తిరుగుతుంది, ల్యాంపు వేడిని బయటికి లాగడానికి ఎగ్జాస్ట్ గొట్టం ఉంటుంది. మన హాల్లో ఆ గొట్టంలో పావురాలు పిల్లల్ని పెట్టాయి. జీవహింస మహాపాపం కాబట్టి గొట్టాన్ని కదిలించలేదు. కేబిన్‌కు కొన్న ఏసీ ఓనర్ సారు ఆఫీసులో ఉంది, ఎందుకంటే కేబిన్‌లో వేడి ఎక్కువ, అక్కడ పెడితే ఏసీ పాడవుతుంది. మెషీన్ ముందు ఒక టేబుల్ ఫ్యాన్ పెట్టారు, అది పక్కనున్న దుమ్మునంతా శ్రద్ధగా పోగుచేసి లోపలికి పంపుతుంది.

సెకండ్ షో అయిపోగానే మెయిన్ స్విచ్ దించేయడం ఇంకో మంచి అలవాటు. ల్యాంపు ఆరాక కూడా కొన్ని నిమిషాలు ఫ్యాన్లు తిరిగి వేడి బయటికి పోవాలని రూలు. ఆపరేటర్‌కు ఇంటికి పోయే ఆఖరి ఆటో ఆ కొన్ని నిమిషాల్లోనే పోతుంది. ఇద్దరిలో ఎవరో ఒకరు వేడెక్కాలి కదా.

ఇంత నిర్లక్ష్యం నడుమ ఒక్క విషయంలో మాత్రం డిజిటల్ సినిమా అంత కట్టుదిట్టమైన వ్యవస్థ ఇంకోటి లేదు. అదే తాళం. హాలీవుడ్ పెద్ద స్టూడియోలు 2002లో కలిసి డీసీఐ (డిజిటల్ సినిమా ఇనీషియేటివ్స్) అని ఒక సంఘం పెట్టుకుని, 2005లో నియమావళి తెచ్చాయి. ఆ ప్రకారం సినిమా తాళం వేసిన ఫైళ్లుగా హాలుకు వస్తుంది, తెరవడానికి కేడీఎం అనే కీ వేరేగా వస్తుంది. ఆ కీ సినిమా ఫైళ్లను ఆడించే కంప్యూటర్‌కు, అంటే ఒక్క సర్వరుకే పనిచేస్తుంది, ఫలానా రోజు ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకే పనిచేస్తుంది. రీళ్ల కాలంలో ఒక ప్రింటు రెండు హాళ్లకు ఆడేది. ఇక్కడ ఇంటర్వెల్ పడేలోపు డబ్బాలు స్కూటర్ మీద అక్కడికి పోయేవి. ఇప్పుడు పక్క స్క్రీన్‌కు వచ్చిన కీ కూడా మన సర్వరుకు పనికిరాదు.

సర్వరుకూ ప్రొజెక్టర్‌కూ మధ్య బంధాన్ని ఇంజినీర్లు మ్యారేజ్ అనే అంటారు. లోపలి భద్రత తలుపు ఎవరైనా తీశారని పసిగడితే ఆ పెళ్లి రద్దు, బొమ్మ పడదు. మళ్లీ చేయాలంటే పద్ధతి ప్రకారం మెషీన్ దగ్గర నిలబడి చేయాలి, ఆ పంతులుగారు ఎక్కువగా హైదరాబాద్ నుంచే రావాలి. సర్వరు లోపలి బ్యాటరీ పూర్తిగా అయిపోతే రహస్య సర్టిఫికెట్లు చెరిగిపోతాయి, అప్పుడది కంపెనీకి పోవాల్సిందే. లోపలి గడియారం మీద కూడా కాపలా ఉంది. ఏడాది మొత్తమ్మీద ఆరు నిమిషాలకు మించి ముందుకీ వెనక్కీ జరపడానికి లేదు. ఒక శుక్రవారం పొద్దున, బయట డప్పులు, పాలాభిషేకాలు నడుస్తుండగా కేబిన్‌లో జరిగిన సంభాషణ ఇలా ఉంటుంది.

"సార్, కొత్త కీ ఇంకా రాలే."

"నిన్న పెయిడ్ ప్రీమియర్‌కు పెట్టిన కీ ఉండె గదరా, గదే పెట్టు."

"గది రాత్రి పన్నెండింటికే అయిపోయింది సార్."

"అయితే మెషీన్ల టైం రాత్రి పదకొండు చెయ్యి."

"ఏడాదికి ఆరు నిమిషాలే జరుగుతది సార్."

"గా ఆరు నిమిషాలన్న జరుపు, ఏమన్న అయితదేమో."

"మొన్న కరెంట్ పోయినప్పుడు లేటయితే మీరే జరపమంటిరి సార్. గా కోటా అయిపోయింది."

మేనేజర్ సారు ఆ తర్వాత ఫోన్ పట్టుకుని డిస్ట్రిబ్యూటర్‌ను తిట్టారు. డిస్ట్రిబ్యూటర్ ఇంకెవరినో తిట్టాడు. కీ ఈమెయిల్లో గంటసేపటి నుంచీ ఉంది, ఆ ఈమెయిల్ పాస్‌వర్డ్ పోయిన నెలలో మానేసిన కుర్రాడికి మాత్రమే తెలుసు.

ఇప్పుడు ఆలోచించండి. సినిమాను ఎవరైనా దొంగిలిస్తారేమోనని ఆరు నిమిషాల దాకా లెక్కపెట్టిన మేధావులు ఉన్నారు. తలుపు తెరిస్తే గుర్తుపట్టే సెన్సరు ఉంది. ల్యాంపు విప్పే మనిషి మొహానికి షీల్డు ఉందో లేదో చూసే సెన్సరు మాత్రం లేదు. తెర మీద 14 ఫుట్‌ల్యాంబర్ట్‌లు పడాల్సిన చోట ఐదో ఆరో పడుతుంటే షో ఆపేసే ఏర్పాటూ లేదు. ఇందులో పొరపాటేమీ లేదని నా అభిప్రాయం. తాళం నిర్మాత డబ్బును కాపాడుతుంది. మొహం ఆపరేటర్ సొంతం, కళ్లు ప్రేక్షకుడి సొంతం. ఎవరి వస్తువు వాళ్లు చూసుకోవాలి. 2018 మార్చిలో, సినిమాలను హాళ్లకు అందించే డిజిటల్ కంపెనీలు తీసుకునే ఫీజులు ఎక్కువని తెలుగు నిర్మాతలు కొత్త సినిమాల విడుదల ఆపేస్తే రాష్ట్రమంతా చర్చ జరిగింది. తెర మసకగా ఉందని ఏ హాలైనా ఒక్క షో ఆపుకున్నట్టు నేనైతే వినలేదు.

ఆపరేటర్ గురించి కూడా ఒక మాట. కార్బన్ కడ్డీలు మండించి బొమ్మ వేసే కాలంలో ఆయన కేబిన్‌కు రాజు. రెండు కడ్డీల మధ్య మంటను కంటితో చూసుకుంటూ, రీలు అయిపోతోందని చెప్పే చుక్క తెర మీద పడగానే రెండో మెషీన్‌కు మారుస్తూ కదిలేవాడు కాదు. ఇప్పుడు పొద్దున ప్లేలిస్ట్ పెడితే రాత్రి దాకా అదే ఆడుతుంది కాబట్టి అదే మనిషి టికెట్లు చింపుతాడు, బైకులు సర్దుతాడు, ఇంటర్వెల్‌లో సమోసాలు అమ్ముతాడు. పైన కూలెంట్ తక్కువైందని మెషీన్ బీప్ బీప్‌మని అరుస్తుంటే కింద ఆయన చిల్లర వెతుకుతుంటాడు.

ఈ కష్టాలన్నిటికీ మందుగా ఇప్పుడు లేజర్ ప్రొజెక్టర్ వచ్చింది. ల్యాంపు లేదు, పగిలేదీ లేదు. 20,000 గంటల దాకా ఢోకా ఉండదని అమ్మేవాడు చెప్పాడు. నెమ్మదిగా వెలుతురు సగానికి దిగేదాకా అని వివరంగా చెప్పాడో లేదో తెలియదు. ఓనర్ సారు వెంటనే లెక్క వేశారు. ల్యాంపు లేకపోతే ల్యాంపు మార్చే మనిషీ అక్కర్లేదు. ఫిల్టర్లు, కూలింగ్ అలాగే ఉంటాయన్న సంగతి ఆ లెక్కలోకి రాలేదు.

లేజర్‌తో ఒక చిన్న చిక్కుంది. లెన్సు దగ్గర నుంచి ఆ వెలుతురులోకి నేరుగా చూస్తే కళ్లు దెబ్బతింటాయి. అందుకే ఆ కిరణం మనిషి తల అందని ఎత్తులో పోవాలి, కేబిన్ కిటికీ దగ్గరికి ఎవరూ రాకూడదు. మన బాల్కనీలో ఆఖరి వరస కుర్రాళ్లు హీరో ఎంట్రీకి ఒకరి భుజాలమీద ఒకరెక్కి, కిటికీ ముందు జెండా ఊపి, తెర మీద దాని నీడ చూసి ఈలలేస్తారు. కొందరు వెనక్కి తిరిగి ఆ రంధ్రంలోకే తొంగిచూస్తారు. కంపెనీ ఇంజినీరు అక్కడ కంచె కట్టించమన్నాడు. కంచె కడితే రెండు వరసల సీట్లు పోతాయి. కాబట్టి ఓనర్ సారు హెచ్చరిక బోర్డు చాలన్నారు. ఎర్ర రంగుతో, పెద్ద అక్షరాలతో రాయించారు. హాల్లో పెడితే అభిమానులు చింపేస్తారని కేబిన్ లోపల, తలుపు వెనక తగిలించారు.