మిషన్ మీద కుట్టింది సంప్రదాయమేనా?

అమెరికాలోని ఫ్లోరిడాలో సెమినోల్ అనే ఆదివాసీ తెగ ఆడవాళ్లు రంగురంగుల గుడ్డముక్కలు అతికి కుట్టే బట్టలున్నాయి. వాటి గురించి రిటైరైన చరిత్ర లెక్చరర్ శర్మగారికీ, డిజైనర్ వసంతకూ వాదన.

శర్మ: దాన్ని ప్రాచీన కళ అంటారేంటమ్మా! వాళ్ల క్యాంపుల్లోకి చేతిమిషన్లు వచ్చిందే 19వ శతాబ్దం చివర్లో. ఈ అతుకుపని ఇంకా తర్వాతిది. 1928లో టాంపా–మయామి రోడ్డు తెరిచాక కార్లలో వచ్చినవాళ్లు కొనుక్కున్నారు. అంగడి సరుకు!

వసంత: ప్రాచీనమని నేనూ అనను మాస్టారూ. వాళ్ల ఇల్లు చిక్కీని మాత్రం మీరు సంప్రదాయమే అంటారుగా?

శర్మ: అనకపోతే? సైప్రస్ స్తంభాలు, తాటాకు లాంటి పామెట్టో కప్పు, గోడల్లేని ఇల్లు.

వసంత: అమెరికా సైన్యం తరుముతుంటే చప్పున కట్టుకునేందుకు పనికొచ్చిన ఇల్లది. 1835 నుంచి 1842 దాకా యుద్ధం. వాళ్ల నాయకుడు ఓసియోలా తెల్లజెండాతో మాటలకు వస్తే 1837లో పట్టేసుకున్నారు. వేలమందిని మిసిసిపీ అవతలికి తోలేశారు. 1858లో ఆఖరి యుద్ధం ముగిసేసరికి ఎవర్‌గ్లేడ్స్ చిత్తడిలో మిగిలింది కొన్ని వందలమంది. తోళ్లూ, పక్షి ఈకలూ అమ్ముకుని బతికారు. తర్వాత ఈకల వ్యాపారం ఆగింది, కాలువలు తవ్వి చిత్తడిని ఎండగట్టారు. అప్పుడిక కుట్టుమిషనే దిక్కు.

శర్మ: అవసరం కాదన్లేదు. బతకడానికి చేసిందల్లా సంప్రదాయమైతే టిక్కెట్టు పెట్టి ఆడే మొసలి కుస్తీ కూడా అదేనా? 2007లో వాళ్లు కొన్న హార్డ్ రాక్ హోటళ్లు, కేసినోల కంపెనీ కూడానా? అసలుది గ్రీన్ కార్న్ డాన్స్, కొత్త మొక్కజొన్న పండుగ. దాన్ని వాళ్లెవరికీ అమ్మలేదు.

వసంత: ఆ పండుగకి ఏం వేసుకెళ్తారు?

శర్మ: ...

వసంత: ఈ అతుకుల బట్టలే. అక్కడ కొనేవాడు లేడుగా! పీలికలు జతచేసి కుట్టడం, అడ్డంగా కోయడం, ముక్కల్ని కొంచెం జరిపి మళ్లీ కుట్టడం. అలా వచ్చిన నమూనాలకు వాన, నిప్పు, మెరుపు అని పేర్లు. ఇదంతా అమ్మమ్మలు మనవరాళ్లకు నేర్పుతున్నారు. రోడ్డు తెరవకముందే మొదలైంది కూడా.

శర్మ: సరే, బట్టల సంగతి ఒప్పుకుంటా. మొసలి కుస్తీ మాత్రం ఒప్పుకోను.

వసంత: దాని తరఫున నేనెప్పుడు వాదించాను మాస్టారూ?