కార్పొరేట్ బాధ్యత గారూ, మీకు ఓటేసిందెవరండీ?

కార్పొరేట్ బాధ్యత గారికి,

లాభంతో పాటు సమాజం మేలు కూడా చూస్తామని కంపెనీలు చెప్పుకునే మాట కదా మీరు, క్షేమమని తలుస్తాను. వార్షిక నివేదిక అట్ట మీద మొక్క పట్టుకుని నవ్వుతున్నారంటే క్షేమమే అయ్యుంటారు లెండి.

1970లో ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో మిమ్మల్ని ఉతికి ఆరేశారు కదా. వ్యాపారం బాధ్యత లాభం పెంచుకోవడమే అన్న ముక్కొక్కటే జనానికి గుర్తుండిపోయింది గానీ, అసలు మెలిక ఇంకో చోట ఉంది: మేనేజర్ వాటాదారుల సొమ్ముతో సమాజసేవ చేస్తే అది తనే పన్ను వేసి తనే ఖర్చు పెట్టినట్టు, అది ఎన్నికైన ప్రభుత్వం చేయాల్సిన పని అన్నారాయన. తమాషా చూడండి, ఆయనంటే గిట్టని వామపక్షం వాళ్లూ ఇప్పుడు మిమ్మల్ని అదే అడుగుతున్నారు: మీకు ఓటేసిందెవరని.

జర్మన్ తత్వవేత్త హాబర్మాస్‌ను ఆధారం చేసుకున్న కొందరు పండితులు మాత్రం మిమ్మల్ని వెనకేసుకొచ్చారు. ప్రభుత్వాల చెయ్యి అందని చోట బహుళజాతి కంపెనీలు ఎలాగూ రాజకీయ పాత్ర పోషిస్తున్నాయి, ఆ పనేదో బహిరంగ చర్చకు జవాబు చెప్పుకుంటూ చేయమన్నారు. మీరు 'రాజకీయ పాత్ర' దాకా చదివి పేజీ తిప్పేసినట్టున్నారు.

2019 ఆగస్టులో అమెరికాలో పెద్ద కంపెనీల అధినేతల సంఘం బిజినెస్ రౌండ్‌టేబుల్ ప్రకటన మీద 181 మంది సీఈఓలు సంతకాలు పెట్టి, ఉద్యోగులు, కస్టమర్లు, సరఫరాదారులు, చుట్టుపక్కల జనం, అందరి మేలూ చూస్తామన్నారు. సంతోషం. ఆ ప్రకటనతో ఆ ఉద్యోగులు, కస్టమర్లు, జనంలో ఎవరికైనా డైరెక్టర్లను ఎన్నుకునే ఓటు వచ్చిందా? రాలేదు.

ఆ తర్వాత గాలి మారింది. చమురు కంపెనీలను బహిష్కరించే ఫైనాన్స్ సంస్థల్లో ప్రభుత్వ నిధులు పెట్టకూడదని 2021లో టెక్సాస్ చట్టం చేసింది. 2023లో ఇతరుల పెట్టుబడులను నిర్వహించే బ్లాక్‌రాక్ అధినేత లారీ ఫింక్, ఈఎస్‌జీ (పర్యావరణం, సమాజం, కంపెనీ పాలన చూసి పెట్టుబడి పెట్టడం) అన్న మాటకు రాజకీయం అంటుకుంది కాబట్టి ఇక వాడనన్నారు. అంటుకోవడమేమిటండీ, ఎవరి డబ్బు ఎవరి మంచి కోసం ఎవరు ఖర్చు పెట్టాలన్నది రాజకీయం కాక మరేమిటి?

ఆట నియమాలకు లోబడి లాభం చేసుకోండి అని కూడా ఫ్రీడ్‌మన్ అన్నారు. ఆ నియమాలు రాసేవాళ్ల చుట్టూ మీ లాబీయింగ్ విభాగం తిరుగుతూనే ఉంటుందిగా. అమెరికాలోనైతే 2010లో సుప్రీంకోర్టు, అభ్యర్థి చేతికి నేరుగా ఇవ్వనంత వరకు, ఎన్నికల్లో కంపెనీలు ఎంతైనా ఖర్చు పెట్టుకోవచ్చనేసింది. మీరూ ఆ లాబీయింగ్ గారూ ఒకే ఆఫీసులో కూర్చుంటారు, ఒకే చోట జీతం తీసుకుంటారు, మరి లిఫ్టులో ఎదురుపడితే పలకరించుకుంటారా, లేక ఎవరో తెలియనట్టు ఫోన్ చూసుకుంటారా?

ఒక్క కోరిక. వచ్చే నివేదికలో ఒక పేజీ ఎక్కువ వేయించండి: ఈ ఏడాది ఏ బిల్లును ఆపమన్నారు, ఏ పన్నును తగ్గించమన్నారు, ఎవరికి ఎంత ముట్టజెప్పారు. ఫొటోలు అక్కర్లేదు.

ఇట్లు,
వాటాలు లేని ఒక కస్టమర్