"ఎండావానా అందరికీ సమానమే" అన్న పోస్టుకు జవాబు

నెల్లూరు, ఒంగోలు వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టు తెగ తిరుగుతోంది. దాని సారం ఇది: వాతావరణ మార్పు వల్ల డాలర్లలో ఎక్కువ నష్టపోతున్నది అమెరికా లాంటి దేశాలే. భూమి వేడెక్కుతున్నా ఇండియా, చైనా ఎదుగుతూనే ఉన్నాయి. ఎండకూ వానకూ ఉన్నవాడు, లేనివాడు అన్న తేడా తెలియదు. పంట పోతే పరిహారం ఎలాగూ వస్తుంది. కాబట్టి అసమానత మాట ఉత్తదే.

"డాలర్లలో వాళ్లదే పెద్ద నష్టం"

అవును, ఖరీదైన ఇల్లు కూలితే అంకె పెద్దదే వస్తుంది. కోటి రూపాయల మేడకు పది లక్షల నష్టం వస్తే ఆస్తిలో పదో వంతు పోయినట్టు, దానికీ బీమా ఉంటుంది. లక్ష రూపాయల రేకుల ఇల్లు కొట్టుకుపోతే మొత్తం పోయినట్టే. చూడాల్సింది పోయినదెంత అని కాదు, ఉన్నదాంట్లో ఎంత పోయిందని.

"ఇండియా ఎదుగుతూనే ఉందిగా"

ఎదగలేదని ఎవరన్నారు? స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు నోవా డిఫెన్‌బాగ్, మార్షల్ బర్క్ 2019లో వేసిన ప్రశ్న వేరు: వేడి పెరగకపోయుంటే ఎంత ఎదిగేది? ఏడాది సగటు ఉష్ణోగ్రత 13 డిగ్రీల దగ్గర ఆర్థిక వ్యవస్థ బాగా నడుస్తుందని వాళ్ల లెక్కకు ఆధారం. నార్వే అంతకన్నా చల్లన, కాస్త వేడెక్కితే దానికి లాభమే. మనం ఎప్పుడో ఆ గీత దాటేశాం, పెరిగే ప్రతి డిగ్రీ మనల్ని ఇంకా దూరం నెడుతుంది. 1961 నుంచి 2010 దాకా చూస్తే మన తలసరి ఆదాయం, వేడి పెరగకపోతే ఉండాల్సినదానికన్నా సుమారు 31 శాతం తక్కువగా ఉందనీ, అత్యంత ధనిక, పేద దేశాల మధ్య అంతరం 25 శాతం ఎక్కువగా ఉండిపోయిందనీ వాళ్ల అంచనా. లెక్క కట్టే పద్ధతి మారితే ఈ అంకెలు మారతాయి. ఆ వాదన ఆర్థికవేత్తల్లో ఉంది. వేడి దేశాలకే దెబ్బ ఎక్కువన్నది మాత్రం మారడం లేదు.

అమెరికా సంగతి కూడా విడిగా చూడాలి. 2017లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, ఉద్గారాలు ఇలాగే పెరిగితే శతాబ్దం చివరికి అక్కడి కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) మూడో వంతు, అదీ అత్యంత పేదవి, ఆదాయంలో 2 నుంచి 20 శాతం కోల్పోతాయి.

"ఎండ అందరికీ ఒకటే"

ఏసీ గదిలో కూర్చున్నవాడి ఎండ, చీమకుర్తి గ్రానైట్ క్వారీలో నల్లరాయి మీద నిలబడ్డవాడి ఎండ ఒకటి కావు. 2030 నాటికి వేడి వల్ల భారత్ 5.8 శాతం పనిగంటలు కోల్పోతుందని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో అంచనా వేసింది. నెలజీతగాడికి ఆ గంటలకూ జీతం వస్తుంది. రోజుకూలీకి రాదు.

"వాన అందరికీ ఒకటే, పరిహారమూ వస్తుంది"

అసలు తేడా ఇక్కడుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. నెల్లూరు డెల్టాలో అది వరి నారుమళ్ల కాలం. నారు మునిగి కుళ్లితే మళ్లీ విత్తనం కొనాలి, ఎకరాకు 25 నుంచి 30 కిలోలు. డిసెంబరు మధ్యలో మళ్లీ చల్లితే 150 రోజుల వరి రకం బీపీటీ 5204 ఏప్రిల్ రెండో వారంలో పూతకొస్తుంది. పూత వేళ ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే పుప్పొడి చచ్చి గింజ తాలు అవుతుంది. అంటే డిసెంబరు వాన దెబ్బ ఏప్రిల్ ఎండ రూపంలో మళ్లీ తగులుతుంది. తక్కువ కాలపు రకానికి మారితే కొంత తప్పుతుంది.

ఇప్పుడు లెక్క. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. ఉదాహరణకు ఎకరాకు మూడు పుట్లు పండే పొలం, ఒక పుట్టి కౌలు, ఒకటిన్నర పుట్టి విలువైన పెట్టుబడి అనుకుందాం. కౌలుదారుకు మిగిలేది అర పుట్టి. తాలు వల్ల దిగుబడి రెండుంపావుకు పడింది. పంట నష్టం 25 శాతమే. కౌలు ముందే మాట్లాడుకున్నది కాబట్టి యజమాని పుట్టిలో గింజ కూడా తగ్గదు. కౌలుదారుకు మాత్రం మిగులు పోయి పావు పుట్టి అప్పు తేలుతుంది.

పరిహారమా? పంట పోయిన రైతుకు ప్రభుత్వమిచ్చే పెట్టుబడి రాయితీకి నష్టం కనీసం 33 శాతం ఉండాలి, ఈ పొలానికి పైసా రాదు. 40 శాతం పోయిందనుకున్నా డబ్బు పడేది ఈ-పంటలో, అంటే ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో రాసే ప్రభుత్వ నమోదులో, ఎవరి పేరుంటే వాళ్ల ఖాతాలోనే. కౌలుదారు పేరు ఎక్కాలంటే సాగు హక్కు పత్రం చూపాలి. ఆంధ్రప్రదేశ్ 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం 11 నెలలకిచ్చే ఆ పత్రం మీద భూయజమాని సంతకం ఉండాలి. ఆ పత్రమిస్తే కౌలుదారుకు పొలం మీద హక్కు పుడుతుందేమోనని చాలామంది యజమానులు సంతకం పెట్టరు. ఆ చట్టమేమో భూమి మీద ఏ హక్కూ రాదనే చెబుతోంది, అది పంట మీది హక్కు మాత్రమే.