మహారాజశ్రీ బి.కాం. సిలబస్ గారికి

మహారాజశ్రీ బి.కాం. సిలబస్ గారి దివ్యసముఖమునకు, గుంటూరులో చిన్న టాక్స్ ఆఫీసు పెట్టుకుని బతుకుతున్నవాడు నమస్కరించి వ్రాయు విన్నపం. ఉభయకుశలోపరి.

మీ కుశలం ప్రత్యేకంగా అడగక్కర్లేదు. ఏటికేడాది ఒళ్లు చేస్తూనే ఉన్నారు. 2020లో మూడేళ్ల డిగ్రీలోకి పది నెలల ఇంటర్న్‌షిప్ ఎక్కించుకున్నారు. లైఫ్ స్కిల్స్ అన్నారు, స్కిల్ డెవలప్‌మెంట్ అన్నారు. అవి ఒంటబట్టేలోపే 2023లో ఒకే ప్రధాన సబ్జెక్టు ఉండే సింగిల్ మేజర్ అవతారం ఎత్తి, ఆనర్స్ కావాలంటే నాలుగో ఏడు కూడా చదవమన్నారు. మీ సబ్జెక్టుల పట్టిక ప్రింటు తీయించి చూశాను. మేజరు, మైనరు, క్రెడిట్లు దాటుకుంటూ అకౌంట్స్ ఎక్కడుందో పట్టుకునేసరికి నా టీ చల్లారిపోయింది.

స్కిల్ కోర్సుల్లో మీ ఉదారత్వం మాత్రం మెచ్చుకోవాలి. 2020 జాబితాలో ఇన్సూరెన్స్ ప్రమోషన్, రిటైలింగ్ పక్కనే టూరిజం గైడెన్స్, మొక్కల నర్సరీ, కోళ్ల పెంపకం కూడా పెట్టారు. కావాల్సింది ఎంచుకోవచ్చు అన్నారు. కాలేజీలో ఏ లెక్చరర్‌కు పీరియడ్లు తక్కువైతే ఆ కోర్సే పిల్లలకు కావాల్సి వస్తుంది, అది వేరే సంగతి. మా వీధి కుర్రాడు బి.కాం. కంప్యూటర్స్ చదువుతూ కోళ్ల పెంపకంలో పాసయ్యాడు. సంతోషం. రేపు ఫారం పెట్టినా దాణాకెంత, మందులకెంత అని లెక్క రాసుకోవాలి కదా, నా బెంగంతా ఆ లెక్క గురించే.

మీ 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు రిపోర్టు కూడా ఒకటి చూశాను. స్పైరల్ బైండింగ్, రంగుల అట్ట. అట్ట మీద తెనాలి వార్డు, ఏడో పేజీ నుంచి ఇంకేదో జిల్లాలో ఊరు. జిరాక్స్ షాపు ఆయన మొదటి ఆరు పేజీల్లోనే పేరు మార్చాడట.

ఇక ఇంటర్న్‌షిప్. జనవరిలో ఒక అబ్బాయి, ఏ రోజు ఏం పని చేశాడో రాసే లాగ్‌బుక్ పట్టుకుని వచ్చాడు. 'సార్, సంతకం, స్టాంపు' అన్నాడు. తెరిచి చూస్తే ఏప్రిల్ దాకా నింపేసి ఉంది. భోగి రోజున లెడ్జర్ పోస్టింగ్ నేర్చుకున్నాడు, ఆదివారాలు కూడా వదల్లేదు, ఇంకా రాని మార్చి నెలలో బ్యాంక్ రీకన్సిలియేషన్ పూర్తి చేసేశాడు. వేర్వేరు రోజుల్లో రాసినట్టు కనిపించాలని మూడు రంగుల పెన్నులు వాడాడు. ఆ ఓపికకే ఉద్యోగం ఇవ్వొచ్చు.

'కూర్చో బాబూ, పని చేస్తే సంతకం పెడతా' అని ఒక కిరాణా కొట్టు తాలూకు కవరు ముందు పెట్టాను. బిల్లులు, కరెంటు రసీదు, ఫోన్‌పే స్టేట్‌మెంటు, సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిన అరువు పద్దులు. కవరు బోర్లించి, అంతా తిరగేసి, ఎంతో మర్యాదగా అడిగాడు: 'సార్, ట్రయల్ బ్యాలెన్స్ ఎక్కడుంది?'

వాణ్ణి ఏమనను? అన్ని ఖాతాల నిల్వలూ ఒకచోట చేర్చి డెబిట్, క్రెడిట్ సరిచూసే ఆ ట్రయల్ బ్యాలెన్స్ పట్టికను మూడేళ్లుగా మీరే వండి, వడ్డించి, కింద నాలుగు సర్దుబాట్లు నంజుకోవడానికి పెట్టారు. ముగింపు సరుకు ఇంత, చెల్లించాల్సిన జీతాలు ఇంత, ముందే కట్టిన బీమా ఇంత, యంత్రాలపై తరుగుదల 10 శాతం. రెండు వైపులా సమానం కాకపోతే తేడాను తాత్కాలికంగా పడేసే సస్పెన్స్ అకౌంట్లో వేయమన్నారు. వాడు లాభనష్టాలు తేల్చే ఫైనల్ అకౌంట్స్ చకచకా వేసేస్తాడు. ఆ అంకెలన్నీ ఎవరో ఒకరు ముందు బిల్లుల్లోంచి ఏరి రాయాలన్న సంగతే వాడిదాకా రాలేదు.

ఆ తర్వాత వారం ఒక అమ్మాయి వచ్చింది. చురుకైన పిల్ల.

'మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా?'

'మిర్చి వేస్తాం సార్.'

'యార్డులో అమ్మితే లెక్కల చీటీ, అదే పట్టీ, ఇస్తారుగా?'

'ఇస్తారు సార్. కమీషను, హమాలీ, కాటా అన్నీ పోను మాకెంతో ఉంటుంది. ఇంటికొచ్చాక నేనే మళ్లీ కూడి చూస్తా. పోయినేడు హమాలీ రెండుసార్లు కోశారు, నేనే పట్టుకున్నా.'

'శభాష్. మరి కన్‌సైన్‌మెంట్ అకౌంట్స్ వచ్చా?'

'సెకండ్ సెమిస్టర్‌లో అయిపోయింది సార్. బొంబాయి రాము కలకత్తా శ్యాముకు వంద సైకిళ్లు పంపుతాడు.'

చూశారా! సరుకు ఒకడిది, అమ్మేది ఇంకొకడు, ఖర్చులూ కమీషనూ తీసేసి మిగిలింది అసలువాడికి లెక్క చెప్పడం. హైస్కూల్ రోజుల నుంచి ఆ పిల్ల వసారాలో కూర్చుని చూస్తున్న లెక్క అదే. దేశంలోనే పెద్ద మిర్చి మార్కెట్లలో ఒకటి మీ కాలేజీలకు ఆటో దూరంలో ఉంటే, మీరు పిల్లల్ని సైకిళ్లు లెక్కపెట్టడానికి కలకత్తా పంపారు. ఆ చాప్టరూ తన ఇంటి పట్టీ ఒకటేనని నేను చెబితే నమ్మక, మర్నాడు పట్టీ తెచ్చి పక్కన పెట్టుకుని పద్దులు వేసి చూసుకుంది. పైసాతో సహా కుదిరింది. ఆమె లాగ్‌బుక్‌లో మాత్రం సంతోషంగా సంతకం పెట్టాను.

టాక్సుల సంగతి ఎత్తితే నాకు టెన్షన్ వస్తుంది. లండన్ నుంచి వచ్చిన స్మిత్ ఇండియాలో 182 రోజులున్నాడా లేదా, రెసిడెంటా కాదా అని మీ పిల్లలు నిద్రలో లేపినా చెబుతారు. జీఎస్టీ నంబర్ చూపించి మొదటి రెండు అంకెలు 37 ఎందుకున్నాయంటే బిత్తరచూపులు చూస్తారు. ఆంధ్రప్రదేశ్ కోడ్ అండీ అది, తెలంగాణ అయితే 36. 2025 సెప్టెంబర్ 22 నుంచి దాదాపు అన్ని సరుకులకూ జీఎస్టీలో 12, 28 శాతం శ్లాబులు పోయాయి. పరీక్ష గైడ్లు అచ్చేసేవాళ్లకు ఆ కబురు ఇంకా అందలేదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం. ఆదాయం వచ్చిన ప్రీవియస్ ఇయర్, దానిపై పన్ను లెక్కగట్టే అసెస్‌మెంట్ ఇయర్ అనే రెండింటి బదులు ఇక టాక్స్ ఇయర్ ఒక్కటే. ఆ రెండింటికీ తేడా రాయమని మీరు ఎన్నేళ్లుగా ఐదు మార్కులిచ్చారో! ఇకపై ఆ ప్రశ్నను చరిత్ర పేపర్లోకి బదిలీ చేయండి. ఫ్రాన్స్ గనుల ఇంజనీరు ఫేయోల్ 1916లో రాసిన 14 మేనేజ్‌మెంట్ సూత్రాలు మాత్రం మీ దగ్గర నవనవలాడుతున్నాయి. వాటినెవరూ రద్దు చేయలేదు కాబట్టి నేనూ మాట్లాడను.

నా విన్నపం ఒక్కటే. ఏదో ఒక సెమిస్టర్‌లో, కోళ్ల జోలికి పోకుండా, పిల్లలకు తలా ఒక సంచి ఇవ్వండి. బజార్లో ఏ కొట్టువాణ్ణి అడిగినా పాత బిల్లులు కిలోలకొద్దీ ఇస్తాడు. అందులోంచి ట్రయల్ బ్యాలెన్స్ తీసుకురమ్మనండి. కుదరకపోతే ఎక్కడ కుదరలేదో వెతకమనండి, సస్పెన్స్ అకౌంట్లో వేయనివ్వకండి. మీకు క్రెడిట్లంటే ప్రాణం కనుక దానికి నాలుగు క్రెడిట్లు ఇచ్చుకోండి.

జవాబు వచ్చే నెల 20లోపు దయచేయండి. నెలనెలా వేసే జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్-3బీ గడువూ అదే, మా ఆఫీసులో అందరికీ గుర్తుంటుంది. ఆలస్యమైతే మామూలు రేటే, రోజుకు 50 రూపాయలు లేట్ ఫీజు.

ఇట్లు,
తమ విద్యార్థులకు జీతమిచ్చి మళ్లీ మొదటి సెమిస్టర్ నుంచి చెప్పుకుంటున్న
ఒక టాక్స్ ప్రాక్టీషనర్, గుంటూరు